బ్లాక్‌ఫంగస్‌కు విరుగుడు.. ఒంట్లోని కాపలాదారులే!

నరసరావుపేట: కొవిడ్‌ రెండో దశలో, 2021 మే నెలలో, బ్లాక్‌ఫంగస్‌ పేరు వింటేనే జనం వణికిపోయారు. నరసరావుపేట, మాచర్ల, గురజాల అప్పటికింకా గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి. గుంటూరు సర్వజనాసుపత్రిలో ఈ వ్యాధికి ప్రత్యేక చికిత్స ఏర్పాటు చేశారు. ప్రభుత్వం ఆరోగ్యశ్రీలో చేర్చినా, యాంఫోటెరిసిన్‌-బి ఇంజెక్షన్లకు దేశమంతటా కటకట ఏర్పడింది. ప్రాణం నిలిపేందుకు కొందరికి కన్ను, మరికొందరికి పైదవడ తొలగించక తప్పలేదు.

నిజానికి ఈ బూజు కొత్తది కాదు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, పేడదిబ్బల్లో ఎప్పుడూ ఉండేదే. దాని బీజాలను మనం రోజూ పీలుస్తూనే ఉంటాం. తెల్లరక్తకణాలు వాటిని ఎప్పటికప్పుడు మట్టుబెడతాయి. మధుమేహం అదుపు తప్పినా, స్టెరాయిడ్లు మితిమీరినా ఆ కణాలు డీలా పడతాయి. చక్కెర బాగా పెరిగి రక్తం ఆమ్లపూరితమైతే అందులోని ఇనుము విడివడి బూజుకు మేతగా మారుతుంది. అందుకే మందు ఒక్కటే చాలదు, కాపలా కణాలనూ మేల్కొల్పాలన్నది పరిశోధకుల ఆలోచన.

ఒక రోగి కోలుకున్నారు

మందులకు, శస్త్రచికిత్సలకు లొంగని ఇదే వ్యాధితో ఉన్న ఒక మహిళకు బెల్జియం వైద్యులు ఇంటర్‌ఫెరాన్‌-గామాతో పాటు, క్యాన్సర్‌కు వాడే నివోల్యుమాబ్‌ ఇచ్చారు. మొదటిది రక్షక కణాలను ఉసిగొల్పుతుంది. రెండోది వాటికి పడిన కళ్లెం విప్పుతుంది. ఆమె కోలుకున్నట్లు 2017లో వారు ప్రకటించారు. ఒక్కరి అనుభవంతో చికిత్స ఖాయం కాదు మరి. రోగనిరోధక శక్తిని అతిగా రెచ్చగొడితే సొంత అవయవాలపైనే దాడికి దిగుతుంది. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారిలో ఆ కొత్త మూత్రపిండానికే ముప్పు.

అమెరికాలోని హ్యూస్టన్‌ శాస్త్రవేత్తలు మరో దారి పట్టారు. టి-కణాలకు బూజు గోడను గుర్తుపట్టే గ్రాహకాన్ని అమర్చారు. అవి ఆస్పర్‌జిల్లస్‌ అనే బూజు పెరుగుదలను అడ్డుకున్నట్లు 2014లో వెల్లడించారు. అది ఎలుకలపై, ప్రయోగశాలలో జరిగిన పని. బ్లాక్‌ఫంగస్‌ కారకం వేరు. మనుషులకు శిలీంధ్ర వ్యాధుల టీకా ఇప్పటికీ అనుమతి పొందలేదు.

కాబట్టి నేటికీ ఆధారం యాంఫోటెరిసిన్‌, శస్త్రచికిత్స, చక్కెర నియంత్రణే. మధుమేహులకు ముఖం ఒకవైపు వాచినా, ముక్కు నుంచి నల్లని స్రావం వచ్చినా, చూపు మసకబారినా అదేరోజు ఆసుపత్రికి చేరాలి.