ఎదిగే పిల్లలకు ఏ బహుమతి ఇద్దాం?

పండుగ సెలవులకు ఆశ్రమ పాఠశాలల నుండి పిల్లలు ఇంటికి వచ్చే ముందు, పెదబయలు సంతలో వారికి ఏం కొనాలని తల్లిదండ్రులు ఆలోచిస్తుంటారు. ముందు పిల్లలనే అడగండి అని మేము చెబుతాము. పదమూడేళ్లు దాటినవారికి తమ మాట వినేవారుంటే అదే పెద్ద బహుమతి.

హాస్టల్లో ఉండేవారికి స్వెట్టరు, టార్చిలైటు, దోమతెర రోజూ పనికొస్తాయి. మలేరియా దోమ కుట్టేది ఎక్కువగా రాత్రివేళే. ఆడపిల్లలకు కొత్త బట్టలతో పాటు నెలసరి ప్యాడ్లు కూడా అమ్మ చేతుల మీదుగా అందితే, వారు నోరు విప్పి అడగలేని అవసరం తీరుతుంది. రంగురంగుల మిఠాయిలకు బదులు వేరుశనగ చిక్కీ కొనండి. అయితే రక్తహీనత రాకుండా బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర మాత్రం మానకూడదు.

మగపిల్లలు బైకు కావాలని పట్టుపడతారు. గేర్ల బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి. మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే, 2019 చట్ట సవరణ ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఘాట్ రోడ్డు మలుపులో తలకు దెబ్బ తగిలితే ఏ జరిమానా కట్టినా బిడ్డ తిరిగి రాడు. ఇప్పటికి వాలీబాలు కొనివ్వండి, ఊరి పిల్లలంతా ఆడుకుంటారు. నాన్న బండి వెనుక కూర్చునే కొడుక్కి ఒక హెల్మెట్ కూడా కొనండి.