ఎడమచెయ్యి

నాది ఉదయగిరి. కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కడం మా ఇంటి పని. కుడిచేతిలో ఉలి ఇప్పటికీ ఉంది గానీ, ఎడమచేత్తో కర్రను అదిమి పట్టలేను. డయాలసిస్ కోసం ఆ చేతికి ఫిస్టులా వేశారు. ధమనిని, సిరను కలిపి కుట్టడమన్నమాట. పొద్దున లేవగానే దాని మీద వేళ్లు ఆనించి చూస్తాను. తేనెటీగలా జుమ్మని అదరాలి. అదరలేదా, వెంటనే ఆస్పత్రికి పోవాల్సిందే. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వను, రక్తం తీయనివ్వను, దాంతో బిందె మోయను.

బీపీ ఉందని తెలిసీ మాత్రలు మానేశాను, కిడ్నీలు పోయాయి. మీరు మానకండి.

డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు చీకటితోనే బస్సెక్కి, ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోతాను. ముందు బరువు చూస్తారు. ఒంట్లో ఎంత నీరు చేరిందో అదే చెబుతుంది. తర్వాత రెండు సూదులు. ఒకదాంట్లోంచి రక్తం బయటికొచ్చి, వెంట్రుకల్లాంటి వేల గొట్టాలున్న ఫిల్టరులో శుభ్రపడి, రెండోదాంట్లోంచి ఒంట్లోకి చేరుతుంది. నాలుగు గంటలు. ఆ గొట్టాల చుట్టూ నూరు లీటర్లకు పైగా మందునీళ్లు పారతాయి. నేను తాగేది మాత్రం రోజుకు లీటరు లోపే.

మా మెట్ట ఎండల్లో అది నరకం. ఐసుముక్క చప్పరిస్తాను. కొబ్బరినీళ్లు ప్రేమగా ఇచ్చినా దణ్ణం పెట్టి వద్దంటాను. అందులోని పొటాషియం మా గుండెను ఆపేయగలదు. కూరగాయలు ఉడికించి, ఆ నీళ్లు వంపేశాకే మా ఇంట్లో తాలింపు.

చికిత్స ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకంలో పోతుంది. పోయిన పనిరోజులు మావే.

డయాలసిస్ లేని రోజు కర్రను కాలివేళ్ల మధ్య ఇరికించి చెక్కడం నేర్చుకుంటున్నాను. నిన్నటికి మూడు చెంచాలయ్యాయి.