రావణుడి వైపు కథ చదివితే పిల్లలు చెడిపోతారా?



మన యాన్యువల్ డేలో దాదాపు ప్రతి ఏడాదీ ఉండే ఐటమ్ ఒకటుంది. అట్టతో చేసిన గద భుజాన వేసుకుని, జారిపోతున్న కిరీటాన్ని ఒక చేత్తో పట్టుకుని ఓ బాబు స్టేజి మీదికి వస్తాడు. ‘దానవీరశూర కర్ణ’లో ఎన్టీఆర్ దుర్యోధనుడిగా చెప్పిన డైలాగును గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. సినిమా వచ్చింది 1977లో. అయినా ఇప్పటికీ హాలంతా ఈలలే. సభలో కర్ణుడి పుట్టుక అడిగి అవమానించినప్పుడు దుర్యోధనుడు అతని పక్కన నిలబడే ఘట్టం అది. ‘మా వాడు దుర్యోధనుడి డైలాగులు చెబుతున్నాడు, చెడిపోతాడేమో’ అని ఇంతవరకు ఒక్కరు కూడా నాకు ఫోన్ చేయలేదు.

పోయిన టర్మ్‌లో మాత్రం వేరే ఫోన్ వచ్చింది. తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల నాన్న. “ఏం మేడమ్, మా పాప రావణునిది కూడా న్యాయమే అంటాంది. మా అమ్మ అన్నం తినకుండా కూర్చుంది. మీరు ఏం పుస్తకాలు చదివిస్తాండారు?” అన్నారు.

ఆ పుస్తకం మన లైబ్రరీది కాదు. సెలవుల్లో వాళ్ల అక్క దగ్గర తెచ్చుకుంది. అయినా ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం వెన్నెల్లో చూసి వచ్చే జిల్లా మనది. మొల్ల రామాయణం పుట్టిన నేల మనది. రాముడు మనకు పాఠంలో పాత్ర కాదు, ఇంట్లో మనిషి. అందుకే ఫోన్‌లో చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆ నవలలో ఏముంది?

పుస్తకం పేరు ‘అసుర’. ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లిష్‌లో రాశారు. 2012లో వచ్చింది. ఇందులో కథను రావణుడే చెబుతాడు. తన చిన్ననాటి పేదరికం, అవమానాలు, రాజ్యం మీద ఆశ అన్నీ తన నోటితోనే చెప్పుకుంటాడు. ఈ నవలలో సీత రావణుడి కూతురు. చాలామంది పాఠకులు ఉలిక్కిపడేది ఇక్కడే. వాల్మీకిలో ఇది లేదు. కొన్ని జైన రామాయణాల్లో మాత్రం ఇలాంటి కథ ఉంది.

ఈ పుస్తకం చదివినవాళ్లతో మాట్లాడితే మూడు రకాల మాటలు వినిపిస్తాయి. మొదటి రకం వాళ్లు, “ఇన్నాళ్లూ మనకు ఒక వైపే చెప్పారు” అంటారు. రెండో రకం వాళ్లు, “దేవుడి కథతో ఆటలేమిటి?” అని బాధపడతారు. మూడో రకం వాళ్లు చివరిదాకా చదివినవాళ్లు. వాళ్లు భద్రుడి గురించి మాట్లాడతారు. నవలలో కథ చెప్పే రెండో మనిషి ఈ భద్రుడే. మామూలు అసురుడు. రాజుల యుద్ధాల్లో నలిగిపోయిన మనిషి. అతని మాటల్లో రావణుడు ఏమంత గొప్పగా కనిపించడు. అంటే రచయిత రావణుడికి మాట్లాడే అవకాశం ఇచ్చారు గానీ, అతన్ని నిర్దోషిగా వదిలిపెట్టలేదు. మన అమ్మాయి అప్పటికి సగమే చదివింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది పెద్దల కోసం రాసిన నవల. హింస ఎక్కువ. చిన్న తరగతుల పిల్లలకు ఇవ్వకండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు చదువుతామంటే ముందు మీరు చదవండి.

ఇది మనకు కొత్త కాదు

‘వికెడ్’ సినిమా పిల్లల్లో చాలామందికి తెలుసు. ‘ఓజ్’ కథలోని చెడ్డ మంత్రగత్తె వైపు నుంచి గ్రెగరీ మాగ్వైర్ 1995లో రాసిన నవల దానికి మూలం. ఇదేదో బయటి ఫ్యాషన్ అనుకోకండి. తెలుగులో ఓల్గా ‘విముక్త’ కథల్లో శూర్పణఖ, సీత అడవిలో కలుసుకుని మాట్లాడుకుంటారు. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

అంతకన్నా ముందు మన పద్యనాటకాలున్నాయి. మా ఊరి తిరునాళ్లలో రాత్రంతా తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాలు ఆడేవాళ్లు. మా జేజినాయన దుర్యోధనుడి పద్యానికి ‘వన్స్‌మోర్’ అని అరిచేవాడు. తెల్లారి ఇంటికి నడిచి వస్తూ, “పద్యం దుర్యోధనునిది, న్యాయం పాండవులది” అనేవాడు. బీఈడీలో నేను చదివిన ఏ పాఠమూ ఈ విషయాన్ని ఇంత బాగా చెప్పలేదు.

ఎందుకు చేశాడు? చేయవచ్చా?

ఆ ఫోన్ వచ్చిన వారం క్లాసులో బోర్డు మీద రెండు గళ్లు గీశాను. ఒకదాని పైన ‘ఎందుకు చేశాడు?’ అని, రెండో దాని పైన ‘చేయవచ్చా?’ అని రాశాను. మొదటి గడి తొందరగా నిండింది. చెల్లెలికి అవమానం, కోపం, పరువు, గర్వం. రెండో గడి దగ్గర క్లాసు ఆగిపోయింది. చివరికి ఆ అమ్మాయే లేచింది. “శూర్పణఖ ముక్కు కోసింది లక్ష్మణుడు కదా మిస్? మధ్యలో సీత ఏం చేసింది?”

ఒకరి మీద కోపం ఇంకొకరి మీద తీర్చుకోవడం, తాతల నాటి పగ మనవళ్లు మోయడం మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. అలాంటి ప్రతి గొడవలోనూ రెండు వైపులా కారణాలుంటాయి. కారణం ఉన్నంత మాత్రాన చేసినది న్యాయం అయిపోదని పిల్లలకు తెలియాలి. అవతలివాడికీ ఒక కారణం ఉంటుందని కూడా తెలియాలి. ఈ రెండోది తెలియకపోతే పగ ఆగదు.

భాసుడి ‘ఊరుభంగం’ అనే సంస్కృత నాటకం ఉంది. తొడలు విరిగి నేల మీద పడి ఉన్న దుర్యోధనుడి దగ్గరికి చిన్న కొడుకు దుర్జయుడు వస్తాడు, ఒడిలో కూర్చుంటానంటాడు. తండ్రి కూర్చోబెట్టుకోలేడు. పగ తీర్చుకోమని ఆ పిల్లవాడికి చెప్పడు. నన్ను చూసుకున్నట్టే పాండవులను చూసుకో అని చెబుతాడు. ఇది చదివి దుర్యోధనుడు చేసినవన్నీ ఒప్పు అని ఎవరూ అనరు. కానీ కంటతడి పెట్టకుండా ఉండటం కష్టం.

ఇంట్లో మీరేం చేయవచ్చు?

మూల కథ ముందు మీ నోటి నుంచి రావాలి. రామాయణం తెలియని పిల్లలకు ‘అసుర’ అర్థం కాదు. అవ్వ, జేజి చెప్పే కథకు సాటి పుస్తకం లేదు.

పిల్లలు “విలన్‌దే కరెక్ట్” అంటే పుస్తకం లాక్కోకండి. ఆ రెండు ప్రశ్నలే అడగండి. ఎందుకు చేశాడు? చేయవచ్చా? ఆ తర్వాత మూడోది: దానివల్ల ఎవరికి దెబ్బ తగిలింది?

మీకు నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. పెద్దలతో గౌరవంగా విభేదించడం పిల్లలు నేర్చుకునేది అక్కడే.

మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఆ నాన్నగారు కలిశారు. జేజి ఇంకా ఆ పుస్తకాన్ని దేవుడి గూడు ఉన్న గదిలోకి రానివ్వడం లేదట. కానీ రోజూ అన్నాలయ్యాక మనవరాలిని కూర్చోబెట్టుకుని రామాయణం మొదటి నుంచి చెబుతోందట. “ఇద్దరికీ వాదన తెగదు మేడమ్, మాకు నిద్ర లేదు” అని నవ్వారు.

ఆ వాదన మీ ఇంట్లోనూ జరగాలని కోరుకుంటూ,

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్