సంఘపు వ్రాతపనికి కొన్న సాఫ్ట్‌వేరా, ఉచిత సాఫ్ట్‌వేరా?

మన సంఘములలో కంప్యూటరు లేని కార్యాలయము ఇప్పుడు అరుదు. కూలి పట్టీ, మహాజనసభ నోటీసు, బ్యాంకుకు జాబు, అన్నియు దాని మీదనే సాగుచున్నవి. అయితే జాబులు వ్రాయు సాఫ్ట్‌వేరు, అనగా వర్డ్ ప్రాసెసరు, డబ్బిచ్చి కొనవలెనా, ఉచితముగా దొరకునది చాలునా అని సభ్యులు అడుగుచున్నారు. మా సర్వసభ్య సమావేశములో దీని మీద పెద్ద వాదమే జరిగినది. “ఊరకే వచ్చేది ఉండగా సంఘం సొమ్ము ఎందుకయ్యా తగలేస్తారు?” అని ఒక పెద్దాయన. “ఊరకే వచ్చేదాన్ని నమ్ముకుంటే నడుమ తెగిపోతుంది” అని ఇంకొకరు. నేను పదవ తరగతి వరకు చదివినవాడనే గాని కంప్యూటరు పండితుడను గాను. మా సంఘములో జరిగిన ఒక సంగతి వలన ఈ విషయమును నలుగురిని అడిగి, చేసి చూచి తెలిసికొనవలసి వచ్చినది.

రెండేండ్ల క్రిందట మార్చి నెలాఖరున వృద్ధాప్య పింఛనుకు అర్హులైన సభ్యుల జాబితా పంపవలసి యుండెను. మాది తమిళనాడు గనుక జాబితా అరవములో నుండవలెను. అందులో వరుసకు నాకు పెద్దమ్మ అయిన ఒక సభ్యురాలి భర్త పేరు తప్పుగా పడినది. గడువు ఆ సాయంత్రమే. కంప్యూటరు తెరచితిని. ఏటేటా చందా కట్టి వాడు వర్డ్ అది. చందా గడువు దాటిపోయినదని అప్పుడు తెలిసినది. చందా తీరిన వర్డ్‌లో పాత ఫైలును చూడవచ్చును, అచ్చు వేయవచ్చును. దిద్దుటకు మాత్రము వీలులేదు. “ఏం నాయనా, నా పేరు ఆ పెట్టెలోనే ఉందంటివే, తీసి సరిచేయరాదా?” అని పెద్దమ్మ అడిగినది. ఏమి చెప్పుదును?

ఒక సభ్యుని మనుమడు తన ల్యాప్‌టాపు తెచ్చెను. అందులో ఉచితమైన లిబ్రెఆఫీసు కలదు. ఫైలు తెరచుకొన్నది, దిద్దుటకు వీలైనది కూడ. కాని అరవ అక్షరముల స్థానములో అర్థము లేని ఇంగ్లీషు అక్షరములు కనబడినవి. ఆ జాబితాను ఎన్నడో ఒక డి.టి.పి. దుకాణములో పాత కాలపు ఫాంటుతో కొట్టించినాము. ఆ ఫాంటు మా యంత్రములో తప్ప అతని దానిలో లేదు. గత్యంతరము లేక చేతితో దిద్ది, సంతకము చేసి, ముద్ర వేసి పంపితిని. ఆ కాగితము తిరిగి వచ్చినది. మరునాడు మా యంత్రములోనే లిబ్రెఆఫీసు పెట్టగా ఐదు నిమిషములలో దిద్దుట ముగిసినది గాని గడువు దాటిపోయినది. పెద్దమ్మకు పింఛను మూడు నెలలు ఆలస్యమైనది.

దీనివలన నాకు తెలిసినదేమనగా, ధర కంటె ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: మన కాగితము తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది? 120 హుక్కుల జకార్డుకు కొట్టిన అట్టలు 240 హుక్కుల పెట్టెకు పట్టవని మనకెవరును చెప్పనక్కరలేదు. ఫైలు సంగతియు అంతే.

మొదట అక్షరముల మాట. తెలుగులో అను, మరాఠీలో శ్రీలిపి, అరవములో బామిని వంటి పాత ఫాంటు పద్ధతులలో కొట్టిన దానిని చదువుటకు ఆ ఫాంటే యుండవలెను. యూనికోడు అట్లు గాదు. ప్రతి అక్షరమునకు లోకమంతటికి ఒకే సంఖ్య. అందులో తెలుగు 1991 నుండి కలదు. యూనికోడులో కొట్టిన జాబు మీ యంత్రములోను, అధికారి యంత్రములోను, పిల్లవాని ఫోనులోను ఒకే తీరున చదువబడును. పోతన మొదలైన తెలుగు యూనికోడు ఫాంటులు ఉచితముగా లభించుచున్నవి. మన బోటి వారికి ఇది మరింత ముఖ్యము. ఇంటిలో తెలుగు, కార్యాలయమునకు సోలాపురములో మరాఠీ, బరంపురములో ఒడియా, కర్ణాటకములో కన్నడము. యానాము వారికి తెలుగే చెల్లును గాని తక్కిన మనకందరికి రెండు లిపులు తప్పవు. ఇన్‌స్క్రిప్టు అను కీబోర్డు పద్ధతి నేర్చుకొన్నచో ఈ లిపులన్నిటికి ‘క’ ఒకే మీట మీద నుండును. అది విండోసులో ఊరకే వచ్చును. మా గుమాస్తా పిల్ల నెల రోజులలో నేర్చినది; నాకు మాత్రము ఇంకను వ్రేళ్లు తడబడుచున్నవి.

ఇక సాఫ్ట్‌వేరు. “నడుమ తెగిపోవును” అన్న వారికి లిబ్రెఆఫీసు చరిత్రయే జవాబు. దీని మూలము జర్మనీలో పుట్టిన స్టార్‌ఆఫీసు. 1999లో అమెరికాలోని సన్ కంపెనీ దానిని కొని, 2000లో దాని లోపలి వ్రాతను లోకమునకు బహిరంగపరచినది. 2010లో సన్‌ను ఒరాకిల్ కంపెనీ కొన్నది. అప్పుడు పని చేయువారిలో పలువురు విడిపోయి, డాక్యుమెంట్ ఫౌండేషన్ అను సంస్థగా ఏర్పడి, ఆ వ్రాతతోనే లిబ్రెఆఫీసు ఆరంభించిరి. యజమానులు మారినను దారము తెగలేదు, ఏలననగా ఆ వ్రాత ఒకరి పెట్టెలో లేదు. ఎన్ని యంత్రములలోనైన పెట్టుకొనవచ్చును, చందా లేదు. దించుకొనునపుడు విరాళము అడుగును. ఇచ్చుట మన ఇష్టము. ఓపెన్‌ఆఫీసు అను పాత పేరుతో కూడ ఒకటి దొరకును గాని దాని మరమ్మతులు చాల మందగించినవి, దాని జోలికి పోవద్దు.

ఉచితము పేరుతో వచ్చు వేరొక సరుకు కలదు. దుకాణదారు “ఫ్రీగా వేసిస్తా” అని ఎక్కించు దొంగ వర్డ్. ఇది ఉచితము గాదు, చోరీ సొత్తు. మన కాపీరైటు చట్టములో 1994లో చేర్చిన 63-బి సెక్షను ప్రకారము, తెలిసి దొంగ ప్రతిని వాడినవారికి ఏడు దినముల నుండి మూడేండ్ల వరకు ఖైదు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జుల్మానా. వ్యాపారమునకు వాడని వారి విషయములో కోర్టు కొంత కనికరింపవచ్చును. సంఘము నడుపు మనము ఆ మాట చెప్పుకొనలేము. దుకాణదారు తప్పుకొనును, బిల్లు మీద సంతకము చేసిన కార్యదర్శి చిక్కుకొనును.

గూగుల్ డాక్స్, ఇంటర్నెట్టులో వాడు వర్డ్ కూడ ఉచితమే. తెలుగులో నోటితో చెప్పి వ్రాయించుటకు గూగుల్ డాక్స్ బాగుగా పనికివచ్చును. కాని ఇంటర్నెట్టు సరిగా లేనిచో పని సాగదు. ఖాతాను గుమాస్తా సొంత ఫోను నంబరు మీద తెరువకుడు. అతడు ఉద్యోగము మానిన నాడు సంఘపు కాగితములకు త్రోవ మూసికొనిపోవును.

ఉచితమైన దానిలో లోపము లేదనను. వర్డ్‌లో చేసిన పట్టికలను లిబ్రెఆఫీసులో తెరచినపుడు గీతలు జరుగుట, పేజీ చివర వరుస తెగిపోవుట నేనే చూచితిని. కావున పంపవలసిన తుది ప్రతిని పి.డి.ఎఫ్.గా చేసి పంపవలెను. ఆ పని లిబ్రెఆఫీసే చేయును. ఆడిటరు నెలనెలా దిద్దుబాట్ల గుర్తులతో వర్డ్ ఫైలు పంపి అదే రూపమున తిరిగి అడుగుచున్నచో, ఆ ఒక్క పనికి ఒక యంత్రములో కొన్న వర్డ్ ఉండుట మేలు. ఒకేసారి ధర చెల్లించు రకము కూడ కలదు. చందా రకముతో దానిని ఐదేండ్ల లెక్క వేసి పోల్చుడు, ఒక ఏటి లెక్క వేయకుడు. చందా రకమే తీసికొన్నచో గడువు తేదీని గోడ మీది పంచాంగములో వ్రాసి యుంచవలెను.

మా సంఘములో ఇప్పుడు మూడు యంత్రములలో లిబ్రెఆఫీసు, ఆడిటు కొరకు ఒకదానిలో వర్డ్. పాత ఫాంటులోని సభ్యుల పట్టికను యూనికోడులోనికి మార్చుచున్నాము. మార్చి యిచ్చు సాధనములు ఉచితముగా నున్నవి గాని ఒత్తులు, పొట్టి గీతలు అక్కడక్కడ తప్పుచున్నందున ప్రతి పేరును ఆధారు కార్డుతో సరిచూడవలసి వచ్చుచున్నది. పెద్దమ్మ వచ్చి తన పేరును, పెదనాన్న పేరును తెర మీద తానే చదివి చూచుకొన్నది. ఇంకను రెండు వందల పేర్లు మిగిలి యున్నవి.