నీరు కలగిన చేపజాతులు కలియును



వరిచేనిలో కేళీలు కనబడిన వెంటనే యేరివేయుదుము. విత్తనపు గాదెను వేరుగా నుంచుదుము. చేపపిల్లలను కొనునపుడు మాత్ర మీ జాగ్రత్త మనకు తోచదు. జాతు లెట్లు కలిసిపోవునో తెలుపుట కొక దూరదేశపు సరస్సు వృత్తాంతమును మనవి చేసెదను.

తూర్పు ఆఫ్రికాలో ఉగాండా, కెన్యా, టాంజానియా దేశముల నడుమ విక్టోరియా యను మహాసరస్సు కలదు. అందు సిక్లిడ్ అను కుటుంబపు చేపలు వందల రకములు. వానిలో రెండు జాతులు మిక్కిలి దగ్గరి చుట్టములు. ఒకదాని పోతు నీలము, రెండవదాని పోతు ఎఱుపు. పెంటిచేప లించుమించుగా నొక్కతీరుననే యుండును. నీలిజాతి మెరకనీటను, ఎఱ్ఱజాతి కొంత లోతునను వసించును. రెండింటికిని పుట్టిన సంకరము గొడ్డుబోవదు. అయినను ఆ జాతు లేల కలియలేదు? పెంటిచేప రంగు చూచి తనజాతి పోతునే వరించుటచేతనే.

1997లో సీహౌసెన్ మొదలగు శాస్త్రజ్ఞు లొక సంగతి ప్రకటించిరి. తేటనీటిలో నీ జాతులు స్పష్టముగా వేరుగానున్నవి. నీరు మురికియైన చోట రంగులు మాసి, నడుమరకములు మెండైనవి. రంగుల తేడా కానరాని వెలుతురులో నుంచి పరీక్షింపగా, పెంటిచేపలు పోతులను ఎంచుకొనుట మానినవి. అడవులు నరకుటచే కొట్టుకొనివచ్చిన మన్నును, పొలముల యెరువును, పట్టణముల మురుగును ఆ నీటిని కలచినవి. వల వేయకయే, విషము కలుపకయే జాతి మాసిపోవుట యిట్లు.

మన చెఱువులలో బొచ్చె పైనీటను, శీలావతి నడుమనీటను, ఎఱ్ఱమోసు అడుగునను మేయును. అందుచేతనే మూటిని కలిపి పెంచుట లాభకరము. 1957లో హీరాలాల్ చౌధురిగారు సూదిమందుతో కార్పుచేపలచే గ్రుడ్లు పెట్టించిన పిమ్మట పిల్లల యుత్పత్తి సులభమైనది. ఏమరుపాటున జాతులు కలియుటయు నంతే సులభమైనది. ఇచ్చట నీరు కలగనక్కఱలేదు. వేర్వేఱు జాతుల తల్లిచేపల నొకే తొట్టిలో విడిచిన చాలును.

సంకర మెల్లప్పుడును చెడ్డదని నే ననను. బొచ్చె శీలావతుల సంకరము శీలావతికంటె వేగముగా పెరుగును, తల బొచ్చెకంటె చిన్నది. దానిని పెంచి యమ్ముకొనుడు. కాని దానినే తల్లిచేపగా నుంచితిమా, కొన్ని తరములకు మేలుజాతి మిగులదు. మూడు మేతల లెక్కయు తప్పును.

కావున తల్లిచేపలను జాతివారీగా వేర్వేఱు చెఱువుల నుంచవలెను. నడుమరకము కనబడిన గ్రుడ్లకు వాడరాదు. సంఘము తరఫున పిల్లలను కొనబోవువారు ముందుగా తల్లిచేపలను చూపుమని యడుగవలెను. ఒక్కనికి చూపనివారు నూర్గురు సభ్యుల సంఘమునకు చూపకపోరు. విత్తన మెట్టిదో పంట యట్టిది; ఈ మాట నీటిపంటకును చెల్లును.