వేంపల్లె శిలల్లోని ఆదిమ దిబ్బలు: పుట్టుక, కనుమరుగు

సికింద్రాబాదులోని బోయిగూడ గ్రానైటు నేలపై ఉంది. అక్కడి ఇళ్లలోకి సున్నపురాయి వంటింటి గట్టుపై పరచే కడప బండగా వస్తుంది. ఇది కర్నూలు సముదాయానికి చెందిన నార్జి శిల. ఇందులో సమతలమైన సన్నని పొరలే ప్రధానం. జీవులు కట్టిన దిబ్బలను చూడాలంటే అంతకంటే ఎంతో పాతవైన, కడప జిల్లాలోని వేంపల్లె డోలమైట్ శిలల దగ్గరకు వెళ్లాలి. ఆ శిలలకు పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకువచ్చిన పులివెందుల అగ్నిశిల వయసు సుమారు 188 కోట్ల ఏళ్లు. వేంపల్లె శిలలు దానికంటే పాతవి.

అప్పటికి పగడాలు లేవు. ఈ దిబ్బలను కట్టినవి సూక్ష్మజీవుల చాపలు. వాటిలో ప్రధానమైన సయనోబాక్టీరియాకు వరి మడిలోని నీలి ఆకుపచ్చ నాచు దగ్గరి బంధువు. ఎండలో నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించగా మడినీటి ఉదజని సూచిక మధ్యాహ్నానికి 9 దాటగలదు. పైపాటుగా వేసిన యూరియాలోని నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోవడానికి ఇదొక కారణం. కాల్షియం సమృద్ధిగా ఉన్న లోతు తక్కువ సముద్రంలో ఇదే ప్రక్రియ సున్నాన్ని అవక్షేపింపజేసింది. జిగురు చాపపై మట్టిరేణువులు చేరేవి. జీవులు వెలుగుకోసం వాటిపైకి పాకి కొత్త పొర వేసేవి. అలా పేరుకున్న గుమ్మటాలు, స్తంభాలే స్ట్రొమటొలైట్లు.

అవి కనుమరుగైన కారణం చెప్పేటప్పుడే పొరపాటు జరుగుతుంది. నాచు కల్చరును మడిలో నత్తలు, ఆస్ట్రాకాడ్లు తినివేసినట్లే, మేసే జంతువుల రాకతో స్ట్రొమటొలైట్లు తగ్గాయని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ప్రపంచవ్యాప్త క్షీణతకు ఇది కొంతవరకు సరిపోతుంది. ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో ఉప్పదనం మామూలు సముద్రానికి దాదాపు రెట్టింపు కావడంతో మేసే జీవులు తక్కువ. అందుకే అవి నేటికీ అక్కడ పెరుగుతున్నాయి. కానీ వేంపల్లె కాలానికి జంతువులే పుట్టలేదు. ఇక్కడ సున్నపు పొరలు ఆగిన చోట, వాటిపై గులకరాళ్లు, ఇసుకతో ఏర్పడిన పులివెందుల క్వార్ట్‌జైట్ ఉంది. తేటనీటి సున్నపు తీరం స్థానంలో ఇసుక వచ్చి చేరింది. ఆ చాపలు నిలవడానికి తగిన చోటు అక్కడ మిగలలేదు. ఇక మిగిలిన దిబ్బల్లోనూ సున్నం డోలమైటుగా మారినప్పుడు సూక్ష్మ నిర్మాణం చాలాచోట్ల చెరిగిపోయింది.

క్షేత్రపర్యటనలో విద్యార్థులు నేలలోని సున్నపు గడ్డలను కూడా స్ట్రొమటొలైట్లని రాసుకొస్తుంటారు. ఆ గడ్డలు మట్టిలో నిన్నమొన్న పుట్టినవి. పగలగొడితే ఒకదానిపై ఒకటి పైకి ఉబ్బిన పొరల వరుస కనిపించదు. చీనీ తోటలో లేత ఆకులు పసుపుబారితే ఇనుము లోపాన్ని అనుమానించి వెతకవలసింది మాత్రం ఈ మట్టి సున్నాన్నే.