రెండు నిమిషముల చిత్రము

చలనచిత్రమును చూచువారికి తెరపై కదలు బొమ్మలే కనబడును. ఆ బొమ్మలలో ఎన్ని తునకలు అతుకబడియున్నవో, ఎన్ని తునకలు అక్కరలేదని పారవేయబడినవో వారెరుగరు. వారు ఎరుగకుండుటయే ఆ కళకు సార్థక్యము. అందును భయమును, ఉత్కంఠను రేకెత్తించు చిత్రముల ఆరంభమును కూర్చుట మిక్కిలి కష్టము. తొలి రెండు నిమిషములలో ప్రేక్షకుని మనస్సున ఒక ప్రశ్న నాటుకొననిచో, తరువాత ఎన్ని పరుగులు, ఎన్ని పోరాటములు చూపినను అతడు కుర్చీలో వెనుకకు ఒరిగియే కూర్చుండును.

పూర్వము ఇట్టి ప్రయత్నములు విద్యార్థులకు అందని మ్రానిపండ్లు. 35 మిల్లీమీటర్ల ఫిలిము 1000 అడుగుల చుట్ట సుమారు 11 నిమిషములకే చెల్లిపోవును. ఫిలిమును కడుగుటకు వేరుగా వ్యయమగును. కోసిన తునకలను ఒక్కొక్కటిగా అతికించుకొనవలెను. నేడు చేతి ఫోనులోనే కెమేరా, కూర్పుబల్ల, శబ్దయంత్రము కలిసియున్నవి. ఇంగ్లండులో మాధ్యమ విద్య నభ్యసించు విద్యార్థులకు ఒక కథాచిత్రము యొక్క తొలి రెండు నిమిషములను మాత్రము తీసి కూర్చుట చాలకాలము ఒక అభ్యాసముగా ఇయ్యబడెడిది. విద్యార్థులలో పలువురు ఉత్కంఠ కథలనే ఎన్నుకొనెడివారు. ఆ అభ్యాసమునే మన ఓరుగల్లు బాలురు కొందరు చేయదలచిరనుకొందము. అప్పుడు వారికి ఎట్టి చిక్కులు ఎదురగునో, అవి ఎట్లు విడునో చూతము.

వారికి మొదట తోచు స్థలము ఓరుగల్లు కోట. కాకతీయుల కీర్తితోరణములు, ఖుష్ మహలు, రాతిగోడ, మట్టిగోడ, అగడ్త—ఇంతకంటె గంభీరమైన రంగస్థలము ఎక్కడ దొరకును? కాని ఆ ఆలోచన తగినది కాదు. కోట పురావస్తుశాఖ వారి రక్షణలోనున్నది. అచ్చట చిత్రము తీయుటకు ముందుగా అనుమతి పొందవలెను. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి గలదు. తోరణము తెరపై కనబడిన వెంటనే ప్రేక్షకుడు కథను మరచి శిల్పమును చూచును. ఉత్కంఠకు ప్రసిద్ధ స్థలము కంటె ప్రతిదినము నడచు వీథియే మేలు. మనకు బాగుగా తెలిసిన చోట ఏదో ఒకటి మారినప్పుడే భయము పుట్టును.

కనుక మన బాలురు కొత్తవాడకు పోయిరనుకొందము. అది నేతవారి పేట. వరంగల్లు జంపఖానాలకు 2018వ సంవత్సరమున భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఆ పేటలో నడచువానికి మగ్గముల టకటక శబ్దము చెవినిబడును. బాలుర కథ ఇది: ప్రతి సాయంకాలము ఒక పిల్లవాడు చదువు ముగించుకొని ఒక నేతగాని ఇంటి ముందుగా పోవును. ఒకనాడు ఆ ఇంటి మగ్గము పలుకదు. వాడు తలుపు త్రోసి చూచును. వారి మొదటి యోచన ప్రకారము, తలుపు తెరవగనే లోపలినుండి ఎవడో మీద పడవలెను.

దీనివలన ప్రేక్షకుడు ఒక్క క్షణము ఉలికిపడును, అంతే. ఆంగ్ల దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఈ భేదమును తరచుగా ఒక ఉదాహరణముతో వివరించెడివాడు. కొందరు బల్లచుట్టును కూర్చుండి మాటలాడుచుండగా బల్లక్రింద బాంబు ప్రేలినచో కొన్ని క్షణములు మాత్రమే దిగ్భ్రమ కలుగును. కాని ఆ బాంబు అచ్చటనున్నదని ప్రేక్షకునికి ముందే తెలిపి, అది తెలియని ఆ మనుష్యులచేత తాపీగా ముచ్చట్లాడించినచో, ఆ సాధారణ సంభాషణమే ప్రాణములు తోడివేయును. మొదటిది ఆశ్చర్యము, రెండవది ఉత్కంఠ. ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ అను చిత్రమున ఆరంభము ఇట్టిదే. ఒకడు కారు వెనుక పెట్టెలో బాంబు నుంచును. ఆ కారు జనసమ్మర్దముగల వీథులలో నెమ్మదిగా పోవుచుండగా కెమేరా మూడు నిమిషములకు పైగా ఎక్కడను తెగకుండ దాని వెంట నడచును.

ఇది తెలిసినచో బాలురు తమ కథను తిరుగవేయుదురు. మొదటి దృశ్యము ఇంటిలోపల. నేతగాని చేతులు, పడుగు నడుమ పరుగెత్తు నాడె. ఆ పడుగుపై ఒక నీడ పడును. చేతులు ఆగును. రెండవ దృశ్యము వీథి: పిల్లవాడు రాతిముక్కను కాలితో తన్నుచు, ఈలవేయుచు వచ్చుచున్నాడు. ఇప్పుడు ప్రేక్షకునికి తెలిసినది వానికి తెలియదు. మీద పడువాడు అక్కరలేదు, కత్తియు అక్కరలేదు.

కత్తి అక్కరలేకుండుట మరియొక విధమున కూడ మేలు. బొమ్మ తుపాకితోనో, కత్తితోనో వీథిలో పరుగెత్తు బాలురను చూచినవారికి అది నటన అని తెలియదు. కేకలు విని ఇరుగుపొరుగువారు నిజముగా పరుగెత్తి రావచ్చును. తోపులాటలో ఎవరైనను గాయపడవచ్చును. వీథివారికి ముందే చెప్పి, పెద్దవా రొకరిని తోడుంచుకొనక కెమేరా బయటికి తీయరాదు. నేతగాని సంగతియు ఆలోచింపవలసినదే. మగ్గము ఆగిన ప్రతి గంటయు అతనికి కూలినష్టము. కనుక అతని చేతులను, నాడెను, మగ్గపు శబ్దమును మొదటి అరగంటలోనే పట్టుకొని అతనిని పనికి విడువవలెను. ఓరుగల్లు ప్రాంతమున మూగవోయిన మగ్గము వట్టి కథావస్తువు కాదు. బ్రతుకుతెరువు లేక మగ్గము విడిచి సూరతునకు, భివండికి వలసపోయిన నేతకుటుంబములు ఈ జిల్లాలో ఎన్నియో కలవు. ఆ ఇంటి నిశ్శబ్దమును చూపునపుడు బాలుర కీ సంగతి తెలిసియుండవలెను. తెలిసినచో వారి చిత్రమున ఆ శూన్యమగ్గము చౌకబారు బూచిగా కనబడదు.

ఇక చిత్రగ్రహణము. మొదటి శత్రువు వెలుగు. డిసెంబరు నెలలో వరంగల్లున అయిదున్నర దాటిన కొద్దిసేపటికే సూర్యుడస్తమించును. తరువాత కెమేరాకు పనికివచ్చు సంధ్యాకాంతి ఇరువది నిమిషములకు మించి నిలువదు. మొదటి దృశ్యమున గోడపై ఎండయు, తరువాతి దృశ్యమున దీపపు చీకటియు ఉన్నచో, రెండడుగుల నడకకు గంటకాలము పట్టినట్లు తోచును. అందుచేత కథాక్రమమున గాక వెలుగుక్రమమున చిత్రములు తీయుట ఉత్తమము. వీథి దృశ్యములన్నియు ఒకే సాయంకాలపు ఒకే గడియలో తీయవలెను. అది చాలనిచో మరునాడు తిరిగి అదే గడియకు పోవలెను. ఫోను కెమేరా తనంతట తానే వెలుగును సరిచేసికొనుచుండును. తెల్లగోడ ఎదుటికి రాగానే అది పిల్లవాని ముఖమును నల్లబరచును. కనుక వెలుగును ముందే స్థిరపరచి బిగింపవలెను. మన విద్యుత్ప్రవాహము సెకనునకు 50 ఆవృత్తులు కలది; అందువలన కొన్ని దీపములు సెకనునకు 100 మారులు మిణుకుమనును. కన్ను దానిని గుర్తింపదు గాని, కెమేరా మూత వేగము తగనిచో తెరపై నల్లని చారలు ప్రాకును. సెకనులో 50వ వంతునకో, 100వ వంతునకో మూతను నిలిపినచో ఆ చారలు సామాన్యముగా మాయమగును.

రెండవ చిక్కు దిక్కు. పిల్లవాడు ఒక దృశ్యమున తెర ఎడమనుండి కుడికి నడచి, తరువాతి దృశ్యమున కుడినుండి ఎడమకు నడచినచో, వాడు భయపడి వెనుదిరిగెనని ప్రేక్షకుడు భావించును. వీథి మధ్య ఒక గీత గీసినట్లు ఊహించుకొని కెమేరా ఆ గీతకు ఒక ప్రక్కనే నిలువవలెను. గీత దాటవలసివచ్చినపుడు, వాడు నేరుగా కెమేరా వైపు వచ్చు దృశ్యమొకటి నడుమ చేర్చినచో కన్ను తికమకపడదు. పిల్లవాని సంచి ఏ భుజమున నున్నది, చెప్పులు వేసికొనెనా, చొక్కా మొదటి గుండీ పెట్టియున్నదా అనునవి వ్రాసికొనుటకు ఒక బాలుని ప్రత్యేకముగా నియమింపవలెను. ఆ పని ఎవరికిని ఇష్టముండదు. కాని అది జరుగనిచో, ఎడమ భుజమున సంచితో తలుపు దగ్గరకు వచ్చినవాడు కుడి భుజమున సంచితో లోపలికి పోవును, హాలంతయు నవ్వును.

కెమేరాతో పరుగెత్తుట పిల్లలకు సరదా. ఆ సరదా తెరపై వణుకుగా మారును. అమెరికాలో గ్యారెట్ బ్రౌన్ అను ఛాయాగ్రాహకుడు 1970వ దశకమున స్టెడీకామ్ అను సాధనమును కల్పించి, నడచుచున్న మనిషి చేతిలోని కెమేరాను స్థిరముగా నిలిపెను. 1989లో వచ్చిన ‘శివ’ చిత్రమున రాంగోపాల్ వర్మ దానిని వాడి, సందులలో సైకిలును తరుముకొని వచ్చు దృశ్యమును తెలుగు ప్రేక్షకులకు క్రొత్త అనుభవముగా చేసెను. ఆ సాధనము లేనివారు మోకాళ్లు కొంచెము వంచి, మోచేతులు ప్రక్కటెముకలకు ఆనించి, చిన్న అడుగులతో నడువవలెను. ఆ మాత్రము నడకయు రానిచో, కెమేరాను గట్టు మీద నిలిపి పిల్లవానినే నడిపించుట గౌరవప్రదము.

నటుని విషయమున ఒక ముచ్చట. బాలనటుడు కనులు పెద్దవి చేసి, నోరు తెరచి భయమును అభినయించుటకు ఉబలాటపడును. అది వలదు. రష్యా దేశపు దర్శకుడు లెవ్ కులెషోవ్ సుమారు నూరేండ్లక్రితము ఒక పరీక్ష చేసెను. ఒకే నటుని నిర్వికారమైన ముఖమునకు ప్రక్కన ఒకమారు పులుసుగిన్నెను, ఒకమారు శవపేటికను, ఒకమారు ఒక స్త్రీని చేర్చి చూపెను. చూచినవారు ఆ ముఖమున ఆకలిని, శోకమును, అనురాగమును కనుగొనిరట! ముఖము మారలేదు, ప్రక్కన చేరిన బొమ్మయే మారినది. కనుక పిల్లవాడు తలుపువైపు ఊరక చూచిన చాలును. ఆ చూపు తరువాత ఆగిపోయిన నాడెను చూపినచో భయము దానంతట అదే వచ్చును.

కూర్పు ఆరంభమగునప్పటికి బాలురవద్ద అరగంటకు సరిపోవు చిత్రము పోగుపడియుండును. కావలసినది రెండు నిమిషములు. అన్నింటిని వరుసగా పేర్చి మొదటిసారి చూచినపుడు అందరికిని నిరుత్సాహము కలుగుట సహజము. కోత అచ్చటినుండియే మొదలగును. వారిలో ఒకడు ఎంతో శ్రమపడి మేడ నెక్కి వీథి నంతను పైనుండి తీసియుండును. ఆ దృశ్యము అందమైనదే. కాని దానివలన ప్రేక్షకునికి క్రొత్తగా తెలియునది ఏమియు లేదు. దానిని తీసివేయుటకు స్నేహితుల నడుమ జరుగు తగవు చిత్రగ్రహణమున పడిన శ్రమ కంటె పెద్దది. అయినను శ్రమ తెరపై కనబడదు, అనవసరము మాత్రము కనబడును.

త్వరత్వరగా కోసినంతమాత్రమున ఉత్కంఠ పెరుగునను భ్రమయు కలదు. జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎమ్’ చిత్రపు ఆరంభమును చూడవలెను. బడినుండి రావలసిన కూతురికై తల్లి భోజనము సిద్ధముచేసి ఎదురుచూచుచుండును. బిడ్డ రాదు. నిర్జనమైన మెట్లు, ఖాళీ పళ్లెము, గడ్డిలో దొరలివచ్చి ఆగిన బంతి, తీగలలో చిక్కుకొన్న గాలిబుడగ—ఇంతియే చూపబడినది. ఘాతుకము తెరపై లేదు. ప్రతి బొమ్మయు తొందరలేక నిలుచును. అందుచేతనే దానిని భరింపజాలము.

శబ్దమును చివరకు వదలివేయుట సామాన్యమైన పొరపాటు. ‘టచ్ ఆఫ్ ఈవిల్’ మొదట విడుదలయైనపుడు ఆ పొడవాటి ఆరంభ దృశ్యముపై నిర్మాణసంస్థవారు పేర్లను, వాద్యసంగీతమును పరచిరి. వెల్స్ తన అభిప్రాయములను 58 పుటలలో వ్రాసి ఇచ్చినను అప్పుడు ఫలితము లేకపోయెను. 1998లో వాల్టర్ మర్చ్ ఆ వ్రాతను అనుసరించి చిత్రమును తిరిగి కూర్చి, ఆ పేర్లను, ఆ సంగీతమును తొలగించెను. అప్పుడు కారులోని రేడియో, వీథి అంగళ్లనుండి వచ్చు పాటలు, అడుగుల చప్పుడు వినబడి, బాంబు ఎంత దగ్గరనున్నదో చెవికే తెలియవచ్చెను. మన బాలురకు సంగీతము కంటె గొప్ప ధనము కలదు. అది మగ్గపు శబ్దము. దానిని తొలి బొమ్మకు ముందే, నల్లని తెరపై వినిపింపవలెను. నీడ పడినచోట అది తెగవలెను. తెగిన తరువాత మిగులునది వట్టి శూన్యము కారాదు. ప్రతి వీథికి తనదైన నిశ్శబ్దమున్నది. దూరపు వాహనము, కాకి, ఎవరి ఇంటిలోనో గిన్నె చప్పుడు. ఎవరును మాటలాడక ఒక నిమిషముసేపు ఆ నిశ్శబ్దమును పట్టి ఉంచుకొనినవారికే కూర్పున అతుకులు వినబడకుండును.

పని ముగిసినదని తోచినపుడు, కథ ఎరుగని ఒకరిని పిలిచి చూపవలెను. “ఎట్లున్నది?” అని అడిగినచో “బాగున్నది” అని మర్యాదకు చెప్పుదురు. “ఏమి జరిగినది? ఇప్పుడేమి జరుగునని నీకు తోచుచున్నది?” అని అడుగవలెను. నీడను గమనింపలేదని ఆ చూచినవాడు చెప్పినచో నీడ ఇంకను ఒక సెకను నిలువవలెను. అనగా ఇరువదినాలుగు బొమ్మలు. నేరస్థుడెవడో అప్పుడే తెలిసిపోయినదని చెప్పినచో ఎక్కడనో ఎక్కువ చూపబడినది.

మిగిలినది ముగింపు. పిల్లవాడు తలుపు త్రోయును. సగము నేసిన జంపఖానా, వెలుగుచున్న దీపము, ఆగిన నాడె. మనిషి లేడు. ఇచ్చటనే ఆపవలెనని కొందరు, పిల్లవాని ముఖము చూపవలెనని కొందరు వాదింతురు. ముఖము చూపినచో భయము వానిదగును, చూపనిచో ప్రేక్షకునిదగును. వాడు ఒక అడుగు లోపలికి వేయును. కండ్లెదుటి మగ్గము కదలదు. ప్రక్కగది చీకటిలో మాత్రము రెండవ మగ్గమొకటి ‘టక్కు’ మని ఒక్కమారు పలుకును. తెర నల్లబడును.